కొలతలోనే ఉంది కొలువు!

బట్ట నేసేది సిరిసిల్ల. బొగ్గు తవ్వేది గోదావరిఖని. పత్తి పండించేది ఆదిలాబాద్. మూడుచోట్లా ఉన్న కొరత మాత్రం ఒకటే... ఒంటికి సరిపోయి, పనికి అడ్డురాని దుస్తులు. ఆ కొరత తీర్చే చదువొకటి ఉంది. దాని వెంట ఉద్యోగమూ ఉంది. కరీంనగర్ నుంచి ఆదిలాబాద్ దాకా సాగే దారిలో ఆ ముచ్చట ఇది!

పండక్కి చొక్కా కొంటాం. మెడ సరిపోతే చేతులు పొడుగు. చేతులు సరిపోతే పొట్ట దగ్గర బిగుతు. 'సైజు నలభై అనే ఉంది కదా' అని షాపులో అడిగితే 'కంపెనీని బట్టి మారుతది సార్' అంటారు. తెలిసిన టైలరుకిచ్చి రెండు కుట్లు వేయించుకుంటాం. అక్కడితో మన బాధ తీరిపోతుంది.

కానీ, ఆ పొడుగు చెయ్యి తిరుగుతున్న యంత్రం పక్కన ఉంటే? ఆ బిగుతు చొక్కా వేసుకున్న మనిషి మందు డబ్బా వీపున తగిలించుకుని, మిట్టమధ్యాహ్నం పత్తి చేలో నడుస్తుంటే? కాలికి వదులైన బూట్లతో గనిలోకి దిగాల్సి వస్తే? అది రెండు కుట్లతో తీరే బాధ కాదు. ఒక్కోసారి ప్రాణం మీదికే వస్తుంది.

సరిగ్గా ఇక్కడే దుస్తుల డిజైనింగూ, ఎర్గనామిక్సూ చేతులు కలుపుతాయి. ఎర్గనామిక్స్ అన్న మాట కొత్తగా అనిపించొచ్చుగానీ, 1857లోనే ఓ పోలెండు శాస్త్రవేత్త దాన్ని వాడాడు. గ్రీకు భాషలో 'ఎర్గాన్' అంటే పని. 'నోమోస్' అంటే నియమం. పని కోసం మనిషి ఒళ్లు వంచుకోవడం కాదు, మనిషి ఒంటికి తగ్గట్టుగా పనిముట్టునే మార్చాలన్నది దాని సారం. మనకు బాగా తెలిసిన ఉదాహరణ చింతకింది మల్లేశం. ఆలేరులో చీర కోసం ఆసు పోస్తూ, చేతిని వేలసార్లు అటూ ఇటూ తిప్పి తిప్పి తల్లి లక్ష్మి భుజం నొప్పితో బాధపడుతుంటే చూడలేక 'లక్ష్మీ ఆసు' యంత్రం తయారుచేశారాయన. 2017లో పద్మశ్రీ అందుకున్నారు. యంత్రం విషయంలో ఆయన చేసిందే చొక్కా, బూటు, హెల్మెట్, సంచి విషయంలో చేసేవాళ్లు కూడా ఉన్నారు. ఒంటిమీద ధరించేది ఏదైనా, అది పనిచేసే ఒంటికి ఎలా అమరుతుందో పరిశోధించి, ఆ ప్రకారం రూపొందించడమే వాళ్ల వృత్తి.

ఇలాంటివాళ్ల అవసరం ఎంతుందో తెలియాలంటే ఏ విదేశానికో వెళ్లక్కర్లేదు. ఉమ్మడి కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాలు ఓసారి తిరిగొస్తే చాలు.

సాంచాల ఊళ్లో...

కరీంనగర్ నుంచి పడమటికి, వేములవాడ మీదుగా నలభై కిలోమీటర్లు పోతే సిరిసిల్ల. మానేరు ఒడ్డునున్న ఈ ఊళ్లో కంటికి ఏదైనా కనిపించేలోపే చెవికి సాంచాల చప్పుడు వినిపిస్తుంది. మరమగ్గాలను ఇక్కడివాళ్లు సాంచాలంటారు. పాతిక వేలకు పైనే ఉంటాయి. వాటి మీద బతికే ఆసాములు, కార్మికులు, కండెలు చుట్టేవాళ్లు... ఊరికి ఊరే బట్ట చుట్టూ తిరుగుతుంది. పనుల్లేక, అప్పులు తీరక నేత కార్మికులు ప్రాణాలు తీసుకోవడంతో 2000 దశకంలో ఈ ఊరి పేరు తరచూ పత్రికలకెక్కేది. ఆ తర్వాత ప్రభుత్వ ఆర్డర్లే ఆసరా అయ్యాయి. 2017లో బతుకమ్మ చీరలు మొదలయ్యాక, ఏటా కోటి చీరల దాకా పని దొరికింది. ఆ పథకం ఆగిపోయాక 2025లో స్వయం సహాయక సంఘాల మహిళలకిచ్చిన ఇందిరా మహిళా శక్తి చీరలు కూడా ప్రధానంగా సిరిసిల్ల సాంచాల మీద నేసినవే.

బతుకమ్మ చీరల్లో ఓ చిన్న సంగతుంది. అందరికీ ఇచ్చిన చీర, జాకెట్టు ముక్కతో కలిపి 6.3 మీటర్లు. కానీ, ఉత్తర తెలంగాణలో పెద్ద వయసు ఆడవాళ్లు గోచీ పోసి కడతారు. ఆ కట్టుకి ఈ పొడవు చాలదు. అందుకని వాళ్ల కోసం 9 మీటర్ల చీరలు విడిగా నేయించారు. కట్టే తీరును చూసి బట్ట కొలత మార్చారన్నమాట. ఈ చదువులో మొదటి పాఠం కూడా అదే!

అయితే, చీరకున్న వెసులుబాటు వేరే బట్టకి లేదు. కుచ్చిళ్లు ఎక్కువ పోసుకోవాలా, తక్కువా... కొంగు బిగించి దోపాలా, వదిలేయాలా... అంతా కట్టుకునేవాళ్ల చేతిలోనే ఉంటుంది. ఒళ్లు మారినా, పని మారినా చీర సర్దుకుంటుంది. కత్తెర పడ్డ బట్ట అలా సర్దుకోలేదు. ఏ కొలతకి కత్తిరిస్తే ఆ కొలతకే ఉండిపోతుంది. సిరిసిల్ల ఇప్పుడు చీర దగ్గర్నుంచి ఆ కత్తెర వైపే అడుగులేస్తోంది. ఊరి పక్కన పెద్దూరులో అపారెల్ పార్కు వచ్చింది. ఎగుమతి దుస్తులు కుట్టే కంపెనీలు అక్కడ యూనిట్లు పెట్టాయి. నిన్నటిదాకా బీడీలు చుట్టిన చేతులు కుట్టుమిషన్ల మీదికొస్తున్నాయి. మీటర్ల లెక్కన బట్ట అమ్మడం వేరు. ఒంటికి సరిపడే దుస్తులు కుట్టి అమ్మడం వేరు. రెండోదానికి నూలు, రంగుల సంగతి ఒక్కటే తెలిస్తే చాలదు, మనిషి కొలతలూ తెలియాలి.

'పెరిగే పిల్లగాడు గదా అక్కా!'

కత్తెరతో వచ్చే చిక్కు ఎలా ఉంటుందో తెలియాలంటే సర్కారు బడి పిల్లల యూనిఫాం చూడాలి. సిరిసిల్ల బట్ట ఎక్కువగా వెళ్లే దారుల్లో అదొకటి. 2024లో యూనిఫాంలు కుట్టే పని మహిళా సంఘాలకి అప్పగించారు. జతకి 50 రూపాయలున్న కుట్టుకూలి 75 రూపాయలైంది. ఊళ్లో బట్ట నేస్తే ఊళ్లోనే కుట్టి, ఊరి పిల్లలే తొడుక్కోవడం... వినడానికి ఎంత బాగుంది! 

కానీ, కుట్టేవాళ్లకు తెలుసు అసలు కష్టం. వేసవి సెలవులకు ముందు కొలత తీస్తారు. పిల్లలు వేసుకునేది జూన్‌లో. ఆ వయసులో రెండు మూడు నెలలంటే తక్కువేం కాదు. పైగా ఒకే తరగతిలో ఒకరు బక్కపలచగా, ఒకరు బొద్దుగా, ఒకరు బెంచీ అంచుదాకా ఎదిగి ఉంటారు. వేలాది జతలు తక్కువ రోజుల్లో కుట్టాలంటే తరగతి వారీగా ఓ అంచనా పెట్టుకుని కత్తిరించేయడం తేలిక. మామూలు టైలరైతే 'పెరిగే పిల్లగాడు గదా అక్కా, రెండించులు ఎక్కువే పెట్టిన' అని నచ్చజెబుతాడు. మగపిల్లాడికి రెండించులు వదులైతే పెద్ద ఇబ్బందేం లేదు. కానీ, ఎనిమిదో తరగతి ఆడపిల్లకి ఛాతీ దగ్గర బిగుతుగా ఉంటే? బోర్డు మీద రాయడానికి చెయ్యెత్తదు. ఆటల పీరియడుకి రానంటుంది. ఎందుకని అడిగితే చెప్పదు. 

దీనికి మందు ప్రతి బిడ్డకీ విడిగా కుట్టడం కాదు. అంత ఖర్చు, సమయం ఎవరూ పెట్టలేరు. ఈ ప్రాంతపు పిల్లల్ని వందల సంఖ్యలో కొలిచి, ఏ వయసులో ఏ భాగం ఎంత పెరుగుతుందో లెక్కగట్టి, 'ఈ బడికి ఈ సైజులు ఇన్నేసి కుట్టండి' అని చెప్పగలగాలి. ఎత్తు, ఛాతీ ఈ రెండు కొలతలు తీస్తే ఏ సైజో తేలిపోయే పట్టిక సంఘం మహిళల చేతికివ్వాలి. పెరుగుదలకు సరిపడా పట్టీని లోపలికి మడిచి, విప్పుకునేలా కుట్టించాలి. దుస్తుల డిజైనూ, కొలతల శాస్త్రమూ రెండూ తెలిసినవాళ్లు చేసే పని సరిగ్గా ఇదే.

సగటు మనిషి ఎక్కడ?

కొలతల శాస్త్రంలో ఓ ప్రసిద్ధ కథ ఉంది. 1950లో అమెరికా వాయుసేన నాలుగు వేలకు పైగా పైలట్లను కొలిచింది. ఎత్తు, ఛాతీ, చెయ్యి పొడవు లాంటి పది ముఖ్యమైన కొలతల్లో సగటుకు దగ్గరగా ఉన్నవాళ్లు ఎందరో తేల్చమని గిల్బర్ట్ డేనియల్స్ అనే యువ పరిశోధకుడికి అప్పగించింది. సగటుకు అటూ ఇటూ కాస్త చోటిచ్చి మరీ ఆయన లెక్క వేశాడు. మొత్తం 4,063 మందిలో పది కొలతల్లోనూ సగటుగా ఉన్నవాళ్లు ఎంతమందో తెలుసా? ఒక్కరు కూడా లేరు! సగటు మనిషి కోసం సీటు తయారుచేస్తే అది ఎవరికీ సరిపోదని అప్పుడే తేలింది. సీట్లనీ, బెల్టులనీ, హెల్మెట్లనీ ఎవరికి తగ్గట్టు వాళ్లు సర్దుకునేలా చేయాలన్న ఆలోచనకి అదే బలమిచ్చింది.

మరి మన సంగతో? మన మార్కెట్లో కనిపించే సైజుల్లో చాలావాటికి మూలం అమెరికా, బ్రిటన్, యూరప్ పట్టికలే. మన భుజాలు, నడుము, కాళ్ల పొడవుల నిష్పత్తి వేరు. అందుకే భారతీయుల కొలతలతో సొంత పట్టిక తయారుచేసేందుకు నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫ్యాషన్ టెక్నాలజీ, అదే నిఫ్ట్, 2018లో 'ఇండియాసైజ్' ప్రాజెక్టును ప్రకటించింది. ఖర్చు దాదాపు 30 కోట్ల రూపాయలు. 15 నుంచి 65 ఏళ్ల మధ్య వయసున్న 25 వేల మందిని ఆరు నగరాల్లో త్రీడీ స్కానర్లతో కొలవాలన్నది లక్ష్యం. ఆ ఆరింటిలో హైదరాబాద్ కూడా ఉంది. టేపుతో గంటపట్టే పనిని స్కానర్ క్షణాల్లో చేసేస్తుంది. 

అంతకు చాలాముందే, 1997లో అహ్మదాబాద్‌లోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్ భారతీయుల శరీర కొలతల పుస్తకం ప్రచురించింది. దేవ్‌కుమార్ చక్రవర్తి రాసిన ఆ పుస్తకం ఇప్పటికీ మన డిజైన్ విద్యార్థుల బల్ల మీద ఉంటుంది.

అయినా ఓ ప్రశ్న మిగిలే ఉంటుంది. స్కానర్ ముందు మనిషి నిటారుగా, కదలకుండా నిలబడతాడు. పని చేసేటప్పుడు అలా ఎవరుంటారు? మోకాలు మడిస్తే దాని మీది చర్మం మూడోవంతుకు పైగా సాగుతుంది. ముందుకు వంగితే వీపు పొడవు పెరుగుతుంది. చెయ్యి పైకెత్తితే చంక నుంచి నడుము దాకా బట్ట లాగుతుంది. మన పాతకాలపు దర్జీలకి ఈ సంగతి తెలుసు. లాల్చీకి చంక కింద చిన్న చతురస్రపు ముక్క వేసి కుట్టేది అందుకే. చెయ్యెత్తినా లాల్చీ పైకి లేవదు, చంక దగ్గర చిరగదు. ఏ డిగ్రీ లేకుండా చేసిన ఎర్గనామిక్స్ అది!

బాయిలోకి దిగేముందు...

పనిచేసే ఒంటిని చూడాలంటే సిరిసిల్ల నుంచి వెనక్కి కరీంనగర్ వచ్చి, రాజీవ్ రహదారి పట్టుకుని పెద్దపల్లి మీదుగా గోదావరిఖని చేరాలి. సింగరేణి బొగ్గు గనుల ఊరు. వేసవిలో రామగుండం ఎండ 45 డిగ్రీలు దాటడం మామూలే. భూగర్భ గనిలో ఎండ ఉండదుగానీ ఉక్కపోత ఉంటుంది. 

బాయిలోకి దిగే కార్మికుడు ఏమేం మోస్తాడో చూడండి. తల మీద హెల్మెట్, దానికి ముందువైపు క్యాప్ ల్యాంపు, నడుముకి బెల్టు, బెల్టుకి ల్యాంపు బ్యాటరీ, విషవాయువులు కమ్మితే ఊపిరి నిలిపే సెల్ఫ్ రెస్క్యూయర్, కాళ్లకు బరువైన బూట్లు. ఒంటిమీది ఈ సరంజామాతోనే షిఫ్టంతా నడవాలి, వంగాలి, కూర్చోవాలి, లేవాలి. ఏదీ తీసి పక్కన పెట్టడానికి లేదు.

ఎర్గనామిక్స్ తెలిసినవాళ్లు ఇక్కడ బరువు ఎంతని మాత్రమే అడగరు. ఎక్కడ వేలాడుతోందని అడుగుతారు. తలకు ముందువైపు బరువు పెరిగితే మెడ కండరాలు వెనక్కి లాగి పట్టుకోవాలి. బెల్టుకి ఒకవైపే బరువుంటే నడక ఆ వైపు ఒరుగుతుంది. అదే బరువును నడుము చుట్టూ రెండువైపులా సర్ది, బెల్టు వెడల్పు పెంచి, తుంటి ఎముక మీద ఆనేలా చేస్తే షిఫ్టు ముగిసేసరికి అలసటలో తేడా తెలుస్తుంది. తీగ లేని తేలికపాటి ఎల్ఈడీ ల్యాంపులు వచ్చాక తలకూ నడుముకూ కొంత ఊరట దొరికింది కూడా.

ఇక ఇంతవరకూ గనుల సరంజామా అంతా మగవాళ్ల కొలతలతోనే తయారైంది. కారణముంది. 1952 నాటి గనుల చట్టం ఆడవాళ్లను భూగర్భంలో పనికి అనుమతించలేదు. 2019 ఫిబ్రవరిలో కేంద్రం ఆ నిబంధన సడలించింది. సాంకేతిక, పర్యవేక్షణ, నిర్వహణ ఉద్యోగాల్లో వాళ్లు పగటిపూట భూగర్భ గనుల్లోకి వెళ్లొచ్చంది. ఓపెన్‌కాస్టుల్లో రాత్రి షిఫ్టులకీ వీలు కల్పించింది. మైనింగ్ చదివిన అమ్మాయిలు, కారుణ్య నియామకాల్లో తండ్రి ఉద్యోగం అందుకున్న కూతుళ్లు ఇప్పుడు గని గేటు దాటుతున్నారు. చట్టం మారింది. మరి బూటు? 

ఆడవాళ్ల పాదం అంటే చిన్న సైజు మగ పాదం కాదు. మడమ సన్నగా, ముందుభాగం దానికి తగిన వెడల్పుతో ఉంటుంది. మగవాళ్ల బూటులో చిన్న సైజు వేసుకుంటే వేళ్ల దగ్గర సరిపోయినా మడమ దగ్గర వదులవుతుంది. ఏటవాలు దారిలో నడిచేటప్పుడు జారేది అక్కడే. 

ఇది చిన్న ఊళ్ల సమస్యేం కాదు. 2019 మార్చిలో ఇద్దరు మహిళా వ్యోమగాములు కలిసి అంతరిక్షంలో నడవాల్సి ఉంటే, నాసా ఆ కార్యక్రమాన్ని మార్చుకోవాల్సి వచ్చింది. ఇద్దరికీ సరిపోయే మధ్యస్థ సైజు సూటు ఒక్కటే వాడకానికి సిద్ధంగా ఉండటమే కారణం! చివరికి అక్టోబరులో క్రిస్టీనా కోచ్, జెస్సికా మెయిర్ ఆ ముచ్చట తీర్చారు. చంద్రుడి మీదికి మనిషిని పంపిన సంస్థకే సైజు తిప్పలు తప్పలేదంటే గోదావరిఖని గురించి వేరే చెప్పాలా?

చీర మీద చొక్కా!

గోదావరి దాటితే మంచిర్యాల. అక్కణ్నుంచి లక్సెట్టిపేట, జన్నారం మీదుగా కవ్వాల్ అడవిని చీల్చుకుంటూ పోతే ఉట్నూరు, ఇంద్రవెల్లి... ఆపైన ఆదిలాబాద్. ఈ దారిలో దీపావళి రోజుల్లో గుస్సాడీలు కనిపిస్తారు. గోండు గూడేల్లో దండారి పండగకి ఆడే నృత్యం అది. తల మీద నెమలి ఈకల కిరీటం చూడ్డానికి ఎంతో పెద్దది. అయినా గంటల తరబడి గెంతినా, తిరిగినా పక్కకి ఒరగదు. ఈకలు గుండ్రంగా నలువైపులా సమంగా పరుచుకోవడంలోనే ఉంది కిటుకు. ఈ నృత్యాన్ని దేశానికి పరిచయం చేసిన మర్లవాయి గురువు కనక రాజు 2021లో పద్మశ్రీ అందుకున్నారు. 2024లో కన్నుమూశారు. బరువు తల మీద ఎలా నిలబడాలో ఆ గూడేలకు తరతరాలుగా తెలుసు. గనిలో హెల్మెట్‌కి కావాల్సిన తెలివీ అదే కదా!

అడవి దాటి నల్లరేగడి మొదలయ్యాక రోడ్డుకి రెండువైపులా పత్తి. అక్టోబరు నుంచి ఏరడం మొదలవుతుంది. ఏరేది దాదాపు అందరూ ఆడవాళ్లే. చలికాలం పొద్దుటిపూట చేల దగ్గర కనిపించే వేషం ఇక్కడివాళ్లకి కొత్త కాదు. చీర మీద మగవాళ్ల పొడుగు చేతుల చొక్కా, తలకి తువ్వాలు. చొక్కా భర్తదో కొడుకుదో, పాతబడి పక్కన పడేసిందో. అది చలిని ఆపుతుంది. తర్వాత ఎండను ఆపుతుంది. పగిలిన పత్తికాయ ఎండిపోయాక దాని రెక్కల మొనలు సూదుల్లా గీసుకుంటాయి. వాటినీ ఆపుతుంది. ఎవరూ చెప్పకుండానే ఈ ప్రాంతపు ఆడవాళ్లు తమకి తాము డిజైన్ చేసుకున్న పని దుస్తులవి.

కానీ, ఆ చొక్కా వాళ్ల కొలతకి కుట్టింది కాదు. భుజం కుట్టు జారి మోచేతి వైపు వచ్చేస్తుంది. మడిచిన చెయ్యి ఊడిపోయి వేళ్లను కప్పేస్తుంది. మొనలు గుచ్చుకునే చోట వేళ్లు మాత్రం బయటే ఉంటాయి. ఇక ఏరిన పత్తి ఎక్కడ? నడుముకి పాత చీర గుడ్డతో కట్టిన ఒడిలో. ఒడి నిండేకొద్దీ బరువు పొట్ట ముందు వేలాడుతుంది. అసలే వంగి ఏరుతున్న నడుముని అది ఇంకా ముందుకి లాగుతుంది. కూలి కిలోల లెక్కన కాబట్టి, ఒడి నిండకుండా గట్టుకి పోవడానికి మనసొప్పదు.

ఈ కష్టం మీద మన వ్యవసాయ విశ్వవిద్యాలయాల హోమ్‌సైన్స్ విభాగాలు పనిచేశాయి. హైదరాబాద్ సైఫాబాద్‌లోని కళాశాల కూడా అలాంటి జాతీయ పరిశోధనలో భాగమే. సూత్రం తేలికే. బరువు నడుముకి కాకుండా, వెడల్పాటి పట్టీలతో రెండు భుజాలకీ పంచాలి. సంచి ఒంటికి దగ్గరగా ఉండాలి. కింద తెరిచి ఒక్కసారిగా కుమ్మరించే వీలుండాలి. చీర మీద తొడుక్కోగలగాలి. ఉతికితే తొందరగా ఆరాలి. అన్నిటికీ మించి ధర కూలీ భరించగలిగేలా ఉండాలి. ల్యాబులో బాగున్న సంచి చేలో నచ్చకపోతే కారణం వెతికి మళ్లీ కుట్టాలి. ఇలాంటి పరిశోధనలో నాలుగైదుసార్లు కుట్టి విప్పడం తప్పదు.

మందు కొట్టే పని దగ్గర ఈ విషయం చావు బతుకుల సమస్యవుతుంది. 2017లో పెన్‌గంగకి అవతల, ఆదిలాబాద్‌ని ఆనుకునే ఉన్న మహారాష్ట్రలోని యవత్మాల్ జిల్లాలో పత్తికి మందు కొడుతూ విషప్రభావంతో ఇరవైమందికి పైగా చనిపోయారు. వందలమంది ఆస్పత్రి పాలయ్యారు. ఏపుగా ఎదిగిన పత్తి, ఘాటైన మందులు, ఒంటికి రక్షణ లేకపోవడం... అన్నీ కలిసొచ్చాయి. మరి రక్షణ సూటు ఎందుకు వేసుకోరు? ఎండలో ప్లాస్టిక్ సూటు వేసుకుంటే చెమట ఆరదు. చెమట ఆరకపోతే ఒళ్లు చల్లబడదు. పది నిమిషాలు నడిచేసరికి కళ్లు తిరుగుతాయి. ఇక మనిషి దాన్ని విప్పేసి లుంగీ కట్టుకుని దిగుతాడు. రైతు నిర్లక్ష్యమని తిట్టడం తేలికేగానీ, వేసుకోవడానికి వీల్లేని రక్షణ సూటు రక్షణ సూటే కాదు. మందు తగిలే చోట్ల మాత్రమే ఆపే పొర పెట్టి, మిగతాచోట గాలి ఆడేలా చేసే డిజైన్ కావాలి. డబ్బా పట్టీ భుజాన్ని ఒరుసుకునే చోటు, మందు కారి వీపు తడిసే చోటు, ఆకులు రాసుకునే తొడలు... ఇవన్నీ చేలో నిలబడి చూసినవాళ్లకే తెలుస్తాయి.

ఎవరు చదవొచ్చు?

ప్రపంచంలో ఈ రంగానికి పునాది వేసినవాళ్లలో అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయానికి చెందిన సూజన్ వాట్కిన్స్ ఒకరు. దుస్తులంటే మనిషి తనతో మోసుకెళ్లే పరిసరమని చెబుతూ 1984లో ఆమె రాసిన పుస్తకం ఈ రంగంలోకి వచ్చేవాళ్లకి తొలిమెట్టు. మన దేశంలో ఐఐటీ దిల్లీ ఆచార్యురాలు దీప్తి గుప్తా దుస్తుల సైజులు, పని దుస్తుల మీద చాలాకాలంగా పరిశోధిస్తున్నారు. 

ఉద్యోగాల విషయానికొస్తే దుస్తుల కంపెనీల్లో ఫిట్, ప్యాటర్న్ విభాగాలుంటాయి. బూట్లు, హెల్మెట్లు, స్కూలు బ్యాగులు, క్రీడా దుస్తులు, ఆస్పత్రి సామగ్రి తయారీ సంస్థలకీ ఈ నైపుణ్యం కావాలి. రక్షణ పరిశోధన సంస్థ డీఆర్‌డీఓ, ఐఐటీ దిల్లీతో కలిసి 2024లో తేలికపాటి బులెట్ ప్రూఫ్ జాకెట్లు తెచ్చింది. ఎనిమిది తొమ్మిది కిలోల బరువుతో సైనికుడు పరుగెత్తాలి, పాకాలి, గురిపెట్టాలి. అలాంటిచోట కుట్టు ఎక్కడ రావాలన్నది ఎంత పెద్ద ప్రశ్నో ఊహించుకోవచ్చు. మణికట్టుకి కట్టుకుని గుండె వేగం చూసే పరికరాలు వచ్చాక కొత్త అవకాశాలూ తెరుచుకున్నాయి. పట్టీ వదులైతే ఆ పరికరం చెప్పే లెక్కే తప్పవుతుంది మరి!

చదవాలనుకుంటే దారులు చాలానే ఉన్నాయి. హైదరాబాద్ మాదాపూర్‌లోని నిఫ్ట్ లాంటి క్యాంపస్‌లలో బీడిజైన్ కోర్సులుంటాయి. ఇంటర్‌లో ఎంపీసీ చదివినవాళ్లు బ్యాచిలర్ ఆఫ్ ఫ్యాషన్ టెక్నాలజీ వైపు వెళ్లొచ్చు. సంగారెడ్డి జిల్లా కందిలోని ఐఐటీ హైదరాబాద్‌లో డిజైన్ విభాగం ఉంది. యూసీడ్ పరీక్షతో బీడిజైన్‌లో, సీడ్ పరీక్షతో ఎండిజైన్‌లో చేరొచ్చు. ఎర్గనామిక్స్ మీదే దృష్టి పెట్టాలనుకుంటే ఐఐటీ గువాహటి డిజైన్ విభాగానికి మంచి పేరుంది. వ్యవసాయ విశ్వవిద్యాలయం పరిధిలోని సైఫాబాద్ కళాశాలలో కమ్యూనిటీ సైన్స్ డిగ్రీ చేస్తే, దుస్తులూ పని భారమూ రెండూ ఒకేచోట చదవొచ్చు. అంతదూరం వెళ్లలేనివాళ్లకి ఐటీఐల్లో కుట్టుపని కోర్సులు మొదటిమెట్టు అవుతాయి. ఏ దారిన వెళ్లినా బొమ్మ గీయడం ఒక్కటే వస్తే సరిపోదు. గణాంకాలంటే భయం ఉండకూడదు. ఎముకలు, కండరాల గురించి తెలియాలి. కత్తెర, సూది స్వయంగా పట్టాలి. అన్నిటికన్నా ముఖ్యంగా ఎదుటి మనిషి పని చేస్తుంటే ఓపిగ్గా చూడటం రావాలి.

ఆ చివరి అర్హతలో ఉత్తర తెలంగాణ పిల్లలకి తిరుగులేదు. వీళ్లలో చాలామంది అమ్మ పత్తి ఏరుతుంటే, నాన్న బాయికి పోతుంటే, మేనమామ సాంచా నడుపుతుంటే చూస్తూ పెరిగినవాళ్లే. అమ్మ భుజం ఎక్కడ నొప్పెడుతుందో, నాన్న బూటు ఎక్కడ ఒరుసుకుంటుందో వీళ్లకి ఏ ప్రశ్నపత్రమూ లేకుండానే తెలుసు. 

జాకెట్టు కుట్టించుకోవడానికి వెళ్తే టైలరు ముందుగా ఆది జాకెట్టు తెమ్మంటాడు. ఒంటికి సరిగ్గా సరిపోయిన పాతది ఒక్కటి చేతికిస్తే చాలు, ఎన్నయినా కుట్టిస్తాడు. పత్తి చేలో కూలీలకీ, గనిలో అడుగుపెట్టిన అమ్మాయిలకీ, సర్కారు బడి పిల్లలకీ ఇప్పుడు కావాల్సింది అలాంటి ఆది ఒక్కటే. బట్ట నేయడానికి సిరిసిల్ల ఉంది. కుట్టడానికి మహిళా సంఘాలున్నాయి. కొలత తీసే చెయ్యి కూడా ఇక్కడిదే అయితే... ఆ దుస్తులు ఒంటికి సరిపోకుండా ఎక్కడికి పోతాయి!